తిన్న దెబ్బలకు లెక్క లేదు

నేను ఒక అంకెల బోర్డుని. గోడకు తగిలించి కరెంటు ఇస్తే ఎర్రగా వెలిగే ఐదు వరుసలు, వరుసకు మూడంకెలు. అంతకు మించి నాకు ఒక్క అక్షరం రాదు. అక్షరం రానివాళ్ళను మీరు వేలిముద్రగాళ్ళని వెక్కిరిస్తారు కదా, నన్ను మాత్రం ఎవరూ వెక్కిరించలేదు. పైగా నేను చెప్పిందే వేదమన్నారు. అంకెలు తప్ప ఇంకేమీ రానిదాని మాటకు మీ మనుషుల్లో ఉన్న విలువ చూసి నాకే ఒక్కోసారి నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు. ఎందుకు రావడం లేదో చెబుతాను, వినండి.

నేను పుట్టింది హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. నా ఒక్కో అంకెలో ఏడు చిన్న కడ్డీలుంటాయి. వాటిలో కొన్ని వెలిగితే ఒకటి, కొన్ని వెలిగితే ఐదు, ఏడూ వెలిగితే ఎనిమిది. ఏ కడ్డీ అయినా ఆరిపోయిందేమో చూడాలంటే అన్నిటినీ ఒకేసారి వెలిగించాలి. అందుకే మా జాతిలో ఎవరు పుట్టినా మొదట పలికేది ఎనిమిదులే. నన్ను అతికిన అమ్మాయి చేతికి టంకం కాలిన మచ్చలుండేవి. నేను నిలువెల్లా ఎనిమిదులై వెలగగానే, "అన్నీ ఎలుగుతున్నయ్ సార్" అని కేకేసి, చున్నీ అంచుతో నా అద్దం తుడిచింది. ఆ తుడుపే నాకు తొలి స్నానం.

మొదటి కొలువు కాకినాడలో ఒక ఆసుపత్రిలో. ఐదు గదుల్లో ఐదుగురు డాక్టర్లు, నాలో ఐదు వరుసలు. ఏ గదిలోకి ఎన్నో నంబరు మనిషి వెళ్ళాలో చెప్పడమే నా పని. దేవుడి పటం పక్కనే ఉండేదాన్ని. దేవుడికి ఒక దండం పెట్టి, ఆ తరవాత గంటల తరబడి నన్నే చూసేవారు. అంకె మారినప్పుడల్లా ఎవరో ఒకరు ఫైలు చంకన పెట్టుకుని "మనదే, మనదే" అంటూ లేచేవారు. నలభై మూడో నంబరు వచ్చిన ముసలమ్మ, రెండో నంబరు వచ్చిన మోతుబరికంటే తక్కువ మనిషని నేనెప్పుడూ అనలేదు, ఎవరూ అనుకోనూ లేదు. అక్కడ అంకె అంటే వంతు. కాస్త ఓపిక పడితే అందరికీ వస్తుంది. నా బతుకులో నేను మర్యాదగా బతికింది అప్పుడే.

తరవాత ఆసుపత్రివాళ్ళు పేరు పెట్టి పిలిచే రంగుల తెర తెచ్చుకుని, నన్ను సామర్లకోటలో మైకుసెట్లు అద్దెకిచ్చే ఆయనకు అమ్మేశారు. ఆయన నన్ను నూకాలమ్మ జాతరకు తీసుకెళ్ళి కబడ్డీ పోటీల దగ్గర కట్టేవాడు. అంకె అంటే ఎక్కువా తక్కువా కూడా అవుతుందని నాకు అక్కడే తెలిసింది. అయినా అక్కడ జట్టుకొక్క అంకె. గెలిస్తే ఏడుగురూ కలిసి గెలిచేవారు. ఓడితే ఏడుగురూ కలిసి రిఫరీని తిట్టేవారు. ఏ ఒక్కడి మొహమూ నా వల్ల మాడలేదు.

మూడో కొలువు సూరిబాబు దగ్గర. స్టేషన్ రోడ్డులో మందుల షాపు మేడ మీద ఐదు కంప్యూటర్లు వేసి గేమింగ్ సెంటర్ నడిపేవాడతను. సాయంత్రమైతే అక్కడ 'రాతికోట' అనే ఆట సాగేది. మన జట్టుకు ఎదురుగా ఎక్కడో ఇంకో జట్టు ఉంటుంది. ఏ ఊరివాళ్ళో ఏ దేశంవాళ్ళో తెలియదు. వాళ్ళ కోట గుమ్మం మనం పగలగొట్టాలి, మన గుమ్మం వాళ్ళు పగలగొట్టకుండా చూసుకోవాలి. అంతే ఆట. అందులో ఎవడు ఎన్ని దెబ్బలు కొట్టాడన్న లెక్క మొదట్లో ఆట లోపలే దాగి ఉండేదట. ఒక ఏడు ఆ ఆట తయారుచేసినవాళ్ళు ఆ లెక్కను తెరిచేశారు. ఇకనుంచి ఒకరి అంకె ఇంకొకరు చూసుకోవచ్చన్నారు. సూరిబాబుకు ఉత్సాహం ఆగలేదు. మైకుసెట్ల ఆయన దగ్గర మూల పడున్న నన్ను తెచ్చి, కంప్యూటరుకు తీగ కలిపి, ఐదు కుర్చీలకూ ఎదురుగా గోడకు కొట్టాడు. నాలుగు వరుసల పక్కన ఆడే నలుగురి పేర్లు స్టిక్కర్ల మీద రాసి అంటించాడు. ఆట నడుస్తుంటే ఎవరు కొట్టిన దెబ్బలు వాళ్ళ వరుసలో పెరుగుతూ పోతాయి.

నేను వచ్చిన మొదటి సాయంత్రం జరిగినది చెప్పి తీరాలి, లేకపోతే నా మీద మీకు చెడ్డ అభిప్రాయమే మిగులుతుంది. కింద మందుల షాపులో పనిచేసే తాయారు అనే అమ్మాయి షాపు కట్టేశాక పైకొచ్చి ఆడేది. ఆమెకు అటూ ఇటూ ఇద్దరు అన్నదమ్ములు కూర్చునేవారు. ఆట గెలవగానే వాళ్ళిద్దరూ "నేను కొట్టాను కాబట్టి", "కాదు, నేను కొట్టాను కాబట్టి" అని కుర్చీల్లో ఎగిరేవారు. "గుమ్మం నేనే పగలగొట్టానండీ" అని తాయారు అంటే, "ఆఁ ఆఁ, నువ్వూ ఉన్నావులే అక్కా" అని నవ్వేసేవారట. ఆ సాయంత్రం ఆట ముగిశాక అందరూ తలెత్తి నన్ను చూశారు. తాయారు అంకే అన్నిటికంటే పెద్దది. అన్నదమ్ములిద్దరివీ కలిపినా దానికి అందలేదు. ఆమె లేచి నా దగ్గరకొచ్చి, సెల్‌ఫోన్‌తో నన్ను ఫోటో తీసుకుని, కళ్ళు తుడుచుకుంది. ఆ పూట నాకెంత గర్వమో చెప్పలేను. దేవుడి పటం పక్కన ఉన్నప్పుడు కూడా అంత గర్వపడలేదు.

ఆ రోజే ఒక ఆచారం కూడా మొదలైంది. అందరికంటే తక్కువ అంకె వచ్చినవాళ్ళు ఫ్లాస్కు పట్టుకుని ఎదురుగా ఉన్న పాపాయమ్మ టీకొట్టుకు వెళ్ళి అందరికీ టీ తేవాలి. ఖాతా సూరిబాబుదే, కాళ్ళు మాత్రం అడుగున ఉన్నవాళ్ళవి. ఒకరోజు తమ్ముడు వెళ్ళేవాడు, ఒకరోజు అన్న వెళ్ళేవాడు, వెళ్ళేవాణ్ణి మిగతావాళ్ళు చప్పట్లు కొట్టి సాగనంపేవారు. నవ్వులాటే. నవ్వులాటగా మొదలైనవి ఎప్పుడు నవ్వులాట కాకుండా పోతాయో మీ మనుషులకు తెలియదు. అంకెలదాన్ని, నాకు మాత్రం ఏం తెలుస్తుంది?

నాలుగో కుర్చీ ఇమ్మానుయేలుది. పెద్దాపురం రోడ్డులో రైసుమిల్లు కాటా దగ్గర పని. లారీ ఎక్కితే తూకం చూసి చీటీ ఇస్తాడు. మనిషి నెమ్మది, చెయ్యి మాత్రం వేగం. చాలా సాయంత్రాలు తాయారు తరవాతి అంకె అతనిదే. ఐదో కుర్చీ ఖాళీగా ఉండేది. ఒకనాడు ఇమ్మానుయేలు ఆట మొదలుకాకముందే వచ్చి, సూరిబాబుతో గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సూరన్నా, మా నూకరాజుని రేపట్నుంచి తీసుకొస్తానన్నా. చిన్నప్పట్నుంచి ఆడూ నేనూ ఒకే ఈదిలో పెరిగాం. కానిస్టేబుల్ పరుగులో ఆఖరొచ్చాడు. గ్రౌండు మొత్తం ఖాళీ అయిపోయాక ఆడొక్కడే పరిగెడతంటే ఎవడో వీడియో తీసి ఈదంతా పంపేశాడు. అప్పట్నుంచి గుమ్మం దాటట్లేదు. వాళ్ళమ్మ నా చేతులట్టుకుని ఏడ్చిందన్నా. ఆడు కాసేపు మనుషుల్లో కూర్చుంటే చాలు."

"తీసుకురారా, దానిదేముంది" అన్నాడు సూరిబాబు.

నూకరాజు వచ్చాడు. పొడుగ్గా, తల వంచుకుని, గోడవారగా నడిచే మనిషి. మర్నాటికల్లా ఐదో వరుస పక్కన అతని పేరు అంటించారు. ఆటలో అతనికి చెయ్యి తిరగలేదు. శత్రువు ఎదురైతే కొట్టాల్సింది పోయి బిగుసుకుపోయేవాడు. ఆట అయ్యాక అందరూ తలెత్తి చూశారు. అన్నదమ్ములు అలవాటుగా చప్పట్లు కొట్టి ఫ్లాస్కు అందించారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఎవరికైనా అలాగే కొడతారు. కానీ ఆఖరొచ్చినవాడికి చప్పట్లు ఎలా వినిపిస్తాయో గ్రౌండులో విన్నవాడికే తెలుసు. నూకరాజు టీ తెచ్చి బల్ల మీద పెట్టి, తాగకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు.

ఆ రోజు ఇమ్మానుయేలు ఒక్కడే వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. కాటా ముల్లు చూసే కళ్ళతో నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"అన్నా, ఈ బోర్డు కొన్నాళ్ళు ఆపెయ్యకూడదా?" అన్నాడు.

సూరిబాబు ఏదో అనబోతుండగానే తాయారు అడ్డుపడింది. "అదేం కుదరదు ఇమ్మానుయేలూ. ఇది రాకముందు నేనెవరు ఇక్కడ? ఎవడి నోరు పెద్దదైతే ఆడే గెలిచినట్టు. నీకేం, నువ్వు చెప్తే నమ్ముతారు. నాకు సాక్ష్యం ఇదొక్కటే."

ఇమ్మానుయేలు ఆమెను కాసేపు చూసి, "నిజమేనక్కా" అన్నాడు. రెండు రోజుల తరవాత నూకరాజును ఎలా బతిమాలాడో ఏమో, వెంటబెట్టుకొచ్చాడు.

ఆ సాయంత్రం మొదటిసారి ఆఖరి అంకె ఇమ్మానుయేలుది అయింది.

అదెలా జరిగిందో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఆడేవాళ్ళ కళ్ళు ఎవరి తెర మీద వాళ్ళవి ఉంటాయి. ఇమ్మానుయేలు మాత్రం మాటిమాటికీ తలెత్తి నన్ను చూసేవాడు. తన అంకె నూకరాజు అంకెకు దగ్గర పడుతోందంటే చాలు, మౌస్ మీదనుంచి వేలు తీసేసేవాడు. వేరుశనక్కాయ ఒలిచినట్టో, తల గోక్కున్నట్టో నటించేవాడు. వేలు ఊరుకున్నా రెండో చెయ్యి ఊరుకునేది కాదు. దానితో తన యోధుణ్ణి నడిపించుకుంటూ తీసుకెళ్ళి నూకరాజు యోధుడి ముందు నిలబెట్టేవాడు. వచ్చిన దెబ్బలన్నీ ఆ యోధుడికి తగిలేవి. వెనక సురక్షితంగా నిలబడి నూకరాజు నింపాదిగా కొట్టుకునేవాడు. కొట్టిన దెబ్బలు నా దగ్గరకొచ్చేవి. తిన్న దెబ్బలు నా దగ్గరకు రావు. వాటికి ఆ ఆట నాకు తీగ ఇవ్వలేదు.

"పాపం, బోర్డుని చూసి బయపడిపోతన్నాడ్రా ఈడు" అని అన్నదమ్ములు నవ్వేవారు. ఇమ్మానుయేలు కూడా నవ్వి ఫ్లాస్కు అందుకునేవాడు. రోజూ అతనే. వాన పడుతుంటే నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని మరీ వెళ్ళేవాడు. పాపాయమ్మ నిన్ను దత్తత చేసుకుందా ఏంట్రా అని అడిగేవారు.

నూకరాజు మాత్రం రోజురోజుకీ తేరుకున్నాడు. గోడవార నడక పోయింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు. పొద్దున్నే లేచి మళ్ళీ పరుగు సాధన చేస్తున్నాడని, ఇంట్లో రెండోసారి అన్నం అడుగుతున్నాడని, వాళ్ళమ్మ నవ్విందని ఇమ్మానుయేలు ఒకరోజు సూరిబాబుకు చెబుతుంటే అతని మొహం నాకంటే ఎక్కువ వెలిగింది. ఇక్కడితో కథ ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది!

కానీ కాస్త ఎత్తు మీద నిలబడితే కిందకు చూడబుద్ధి వేయడం మీ లక్షణం. నూకరాజు మొదట అన్నదమ్ములతో కలిసి చప్పట్లు కొట్టాడు. తరవాత వాళ్ళకంటే ముందే కొట్టాడు. "మా ఇమ్మానుయేలు ఉన్నంతకాలం మనకి టీకి లోటు లేదు" అనేవాడు. ఎవరైనా కొత్తవాళ్ళు చూడ్డానికొస్తే నన్ను చూపించి, "అడుగున ఉన్నాడే, ఆడు మా ఫ్రెండే. ఎంత నేర్పినా రాదు" అనేవాడు. ఇమ్మానుయేలు ఆ మాటకు నవ్వినప్పుడు పెదాలు మాత్రమే నవ్వేవి. అయినా సాయంత్రమయ్యేసరికి వేలు తీసేవాడు.

అప్పుడొచ్చింది విశాఖపట్నం పోటీ. జట్టుకు నలుగురే. మా దగ్గర ఐదుగురు. ఒకరు ఆగిపోవాలి. సూరిబాబు పంచాయితీ పెట్టాడు. పంచాయితీ అన్నాడు కానీ తీర్పు అప్పటికే గోడ మీద ఎర్రగా వెలుగుతోంది.

"బోర్డు ప్రకారం అయితే ఇమ్మానుయేలు ఆగాలి. కానీ మొదట్లో బానే ఆడేవాడు కదా, ఈ మజ్జ ఏమయ్యిందో. ఎవరేమంటారు?" అన్నాడు.

తాయారు ఇమ్మానుయేలు వైపు అనుమానంగా చూసింది. అన్నదమ్ములు నేల చూశారు. వాళ్ళకూ మనసు రాలేదు. నూకరాజు ఒక్కడే నోరు తెరిచాడు.

"ఇందులో అనడానికేముందన్నా? బోర్డు చెప్తంది కదా. ఆడికి ఆట రాదు. టీలు తేడానికి పనికొస్తాడు గాని, పోటీకేం పనికొస్తాడు?"

ఇమ్మానుయేలు తలెత్తి నన్ను చూడలేదు. నూకరాజునే చూశాడు. ఒక్క ముక్క చెబితే చాలు, అంతా తలకిందులయ్యేది. అతను చెప్పలేదు. చెబితే నూకరాజు మళ్ళీ గోడవార నడుస్తాడని అతనికి తెలుసు. లేచి కుర్చీ వెనక్కి జరిపి, "కాటా మీదకి బండెక్కితే డ్రైవరు దిగిపోవాలన్నా. మీకు కావాల్సింది సరుకు తూకమే కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఖాళీ ఫ్లాస్కు కడిగి బోర్లించి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాకు మాటలు వచ్చి ఉంటే అని ఏడ్చింది ఆ ఒక్క పూటే. నాకున్న కడ్డీలన్నీ వెలిగించినా పలికేది ఎనిమిదే.

మర్నాటినుంచి నాలుగో వరుసలో మూడు సున్నాలు నిలిచాయి. ఆఖరి అంకె నూకరాజుది అయింది. అవుతుంది మరి, అతని పైన పడే దెబ్బలు ఇప్పుడు అతనికే తగులుతున్నాయి. ఆట మొదలైన కాసేపటికే అతని యోధుడు కూలబడేవాడు. తక్కిన ముగ్గురూ ఎంత కొట్టినా జట్టు ఓడిపోయేది. నూకరాజు మొహం మాడ్చుకుని ఫ్లాస్కు పట్టుకెళ్ళేవాడు. పోటీ దగ్గరపడింది. మొన్నటిదాకా గెలిచినవాళ్ళం ఇప్పుడెందుకు ఓడుతున్నామో సూరిబాబుకు అంతుపట్టలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరినీ కూర్చోబెట్టి, "ఆడినవన్నీ మిషన్లో దాచి ఉంచాను. మనం గెలిచిన పాతాటలు చూద్దాం, తేడా ఎక్కడొచ్చిందో తెలుస్తది" అన్నాడు. పెద్ద తెర మీద వేశాడు.

ఆడేటప్పుడు ఎవరి తెర వాళ్ళదే, ఇప్పుడు కోట మొత్తం పైనుంచి కనిపిస్తోంది. చూస్తున్నారు. గుమ్మం ముందు ఇమ్మానుయేలు యోధుడు కత్తి ఎత్తి నిలబడ్డాడు. కొట్టడం లేదు. బాణాలు వచ్చి గుచ్చుకుంటున్నాయి. కదలడం లేదు. వెనకనుంచి నూకరాజు యోధుడు తాపీగా వచ్చి కొడుతున్నాడు. గుమ్మం పగిలింది. ఇంకో ఆట వేశాడు. అందులోనూ అంతే. మూడోదీ అంతే.

"ఈడేంటి, నిలబడిపోయాడు?" అన్నాడు అన్న.

"నిలబడిపోలేదు" అంది తాయారు. "అడ్డం నిలబడ్డాడు."

నూకరాజు కుర్చీలో ముందుకు జరిగాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. సూరిబాబు మళ్ళీ వేశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు.

అప్పుడే పాపాయమ్మ మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఎప్పుడూ పైకి రాదు. గ్లాసులు తక్కువయ్యాయని తీసుకెళ్ళడానికి వచ్చింది. నూకరాజును చూసి నోరారా నవ్వింది.

"ఏం నాయనా, ఈ మజ్జ రోజూ నువ్వే వస్తన్నావు టీకి. ఫస్టు నువ్వే వస్తన్నావన్నమాట! మరి ఆ ఇమ్మానుయేలు బాబు ఎనకబడిపోయాడేంటి?"

ఎవరికీ అర్థం కాలేదు. "ఫస్టేంటి పిన్నీ?" అన్నాడు సూరిబాబు.

"అదేనయ్యా, మీ ఆటలో ఎవరు ఫస్టొస్తే ఆళ్ళే టీకి రావాలంట కదా, అదే బహుమానమంట. ఆ బాబే చెప్పాడు. రోజూ ఆడే వస్తంటే, ఏంటి బాబూ ఇవాళ కూడా నువ్వేనా అని అడిగితే, అవును పిన్నీ ఇవాళా నేనే అని ఎంత సంబరపడిపోయేవాడో! ఓ అల్లం ముక్క ఎక్కువేసి, ఆడికి ఏరేగా ఓ గ్లాసు ఇచ్చేదాన్ని."

పాపాయమ్మ గ్లాసులు ఏరుకుంటూ, "రేపట్నుంచి నీకూ ఏస్తాలే అల్లం" అని అతని వీపు తట్టి వెళ్ళిపోయింది. ఆమె మెట్లు దిగేదాకా ఆగి, అంత పొడుగాటి నూకరాజు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

వెంటనే ఇమ్మానుయేలుకు ఫోను చేశాడు. అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు. అవతల లారీల హారన్లు వినబడుతున్నాయి. మిల్లు యజమానికి మిర్యాలగూడలో ఇంకో మిల్లు ఉందట, అక్కడి కాటాకు తనంతట తనే అడిగి వెళ్ళాడట.

"ఎందుకు చేశావురా అలాగ?" అన్నాడు నూకరాజు.

"ఏం చేశాన్రా?"

"అంతా చూశాంరా. వచ్చెయ్‌రా. నా కుర్చీలో నువ్వు కూర్చో, నేను ఆగిపోతాను."

"అడుగునుండటం నాకేం కష్టమనిపించలేదురా" అన్నాడు ఇమ్మానుయేలు. "ఆ రోజు నువ్వు పైనుంచి నన్ను చూశావు చూడు, అదే తట్టుకోలేకపోయాను. పొద్దున్న పరుగు మానెయ్యకురా. అమ్మనడిగానని చెప్పు. బండొచ్చింది తూకానికి, మళ్ళీ చేస్తాను."

మళ్ళీ చేయలేదు. వీళ్ళు చేసినా ఎత్తలేదు.

విశాఖపట్నం వెళ్ళారు, మొదటి ఆటలోనే ఓడి సాయంత్రం పాసింజరుకు తిరిగొచ్చేశారు. దాని గురించి ఎవరూ ఎక్కువ బాధపడలేదు. వచ్చిన రోజే నూకరాజు నా తీగ పీకేయబోయాడు.

"ఇది ఉండకూడదన్నా. దీని మూలంగానే ఆడెల్లిపోయాడు."

"దీని మూలంగా కాదు, నీ నోటి మూలంగా" అంది తాయారు. "అది అంకె చెప్పింది. పనికిరాడని నువ్వన్నావు." తరవాత మెత్తబడి, కుర్చీలో కూలబడింది. "నాకూ తెలీట్లేదు నూకరాజూ. ఇది లేకపోతే నన్నెవరూ నమ్మేవాళ్ళు కాదు. ఇది ఉండబట్టి ఆణ్ణి ఎవరూ నమ్మలేదు. ఏం చెయ్యమంటావు?"

నన్నడిగితే నేనూ చెప్పలేను. చివరకు సూరిబాబే ఒక దారి చూశాడు. ఆటలో ఒక సెట్టింగు ఉందట, ఎవరి అంకె వాళ్ళ తెర మీద వాళ్ళకే కనిపించేలా పెట్టుకోవచ్చట. అలాగే పెట్టాడు. తాయారు ఒప్పుకుంది కానీ సంతోషంగా ఒప్పుకోలేదు. తరవాత వారం రోజులకే అన్నదమ్ములు మళ్ళీ "నేను కొట్టాను కాబట్టి" మొదలుపెట్టారు. ఆమె తన ఫోన్లో ఉన్న నా పాత ఫోటో తీసి చూసుకోవడం నేను చూశాను. టీకి మాత్రం రోజూ నూకరాజే వెళ్ళేవాడు. ఎవరూ పంపకపోయినా వెళ్ళేవాడు. అతనికి కానిస్టేబుల్ ఉద్యోగం వస్తుందో రాదో నాకు తెలియదు, పరుగు మాత్రం మానలేదు.

వెలుతురు లేని బోర్డు గోడకు బరువే. కొన్నాళ్ళకు సూరిబాబు నన్ను దింపి పాతసామాను కొట్టుకు ఇచ్చెయ్యమన్నాడు. నూకరాజు దింపాడు. నా అద్దం మీద దుమ్ము తుడిచాడు. నాలుగో వరుస పక్కనున్న స్టిక్కరును గోటితో నెమ్మదిగా, పేరు చిరక్కుండా ఊడదీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తక్కినవి అలాగే వదిలేశాడు.

పాతసామాను కొట్టు రైలుగేటు అవతల. విరిగిన కూలర్లు, తుప్పు పట్టిన సైకిలు రిమ్ములు, నోరు తెరిచిన టీవీలు. ఇక నా సావాసం వాళ్ళతోనే. కొట్టువాడు నన్ను తిరగేసి చూసి, "పనిచేస్తదా బాబూ?" అన్నాడు.

"బానే చేస్తదండి" అన్నాడు నూకరాజు. "తనకి ఏదిస్తే అది చెప్తది."

కొట్టువాడు నన్ను కాటా మీద పెట్టాడు. ఎన్నెన్ని అంకెలు చూపించానో నేను, ఇన్నాళ్ళకు నాకూ ఒక అంకె పడబోతోంది. నూకరాజు వెళ్ళిపోలేదు. నా మీద చెయ్యి వేసి, ఎటో చూస్తూ నిలబడ్డాడు. ముల్లు ఒకచోట నిలవడం లేదు. కొట్టువాడు విసుక్కోకుండానే అన్నాడు.

"బాబూ, ఆ చెయ్యి తీయండి. తూకం తప్పొస్తంది."

నూకరాజు ఉలిక్కిపడి తన చేతిని చూసుకున్నాడు. ఇమ్మానుయేలు రోజూ నా ఎదురుగా వేలు తీసేవాడు, రోజూ నా తూకం తప్పొచ్చేది. ఆ మాట అనడానికి ఆ గదిలో ఎవరూ లేకపోయారు.

చాలాసేపటికి అతను చెయ్యి తీశాడు. ముల్లు నిలిచింది.